పరాయి పూలు, మన గట్లు: కలుపుగా స్థిరపడిన మొక్కల్ని గుర్తుపట్టే తీరు

2000వ సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగ చేలు నిలువునా మాడిపోయాయి. మొదట లేత ఆకుల మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. తర్వాత కాడ నల్లబడింది, మొవ్వు చచ్చింది, చివరకు మొక్కే ఎండిపోయింది. దాదాపు 2,25,000 హెక్టార్లలో తెగులు కనిపించింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. చూపుకు అది పాత మొవ్వుకుళ్ళు తెగులులాగే ఉంటుంది. పరీక్షల్లో మాత్రం పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. అది చేలోకి దిగిన దారి ఇంకా ముఖ్యం: గట్టు మీద, బాట పక్కన పూసిన వయ్యారిభామ పుప్పొడి.

వయ్యారిభామలో ఈ వైరస్ ఉన్నా ఆకు మీద ఒక్క మచ్చ కూడా కనపడదు. మొక్క పచ్చగా, నిండుగా పూస్తూనే ఉంటుంది. దాని పుప్పొడి గాలికి కొంత, తామరపురుగుల ఒంటికి అంటి కొంత వేరుశనగ ఆకు మీదికి చేరుతుంది. పురుగు ఆకును గీకిన చోట పుప్పొడిలోని వైరస్ లోపలికి పోతుంది. వేరుశనగలో ఈ తెగులు విత్తనం ద్వారా రాదు కాబట్టి విత్తనం మార్చినా లాభం లేదు. గట్టు మీద ఏముందో తెలియాలి, అది పూతకు రాకముందే తెలియాలి. గట్టు మీది పూలమొక్కల్ని గుర్తుపట్టడం శాస్త్రవేత్తల పని అని వదిలేయడానికి సీమలో వీలు లేనిది ఇందుకే.

మూడు ప్రశ్నలు విడివిడిగా

ఈ విషయంలో గందరగోళమంతా మూడు వేరువేరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడం వల్ల వస్తుంది. మొక్క ఎక్కడిది? మనిషి సాయం లేకుండా తనంతట తాను బతుకుతోందా? నష్టం చేస్తోందా? ఒకదానికి వచ్చిన జవాబు మరోదానికి చెల్లదు.

వేరుశనగ దక్షిణ అమెరికా పంట. మిరప, టమాట, పొద్దుతిరుగుడు కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పరాయివి కాబట్టి చెడ్డవి అంటే అనంతపురంలో సేద్యమే ఉండదు. జిల్లేడు, తుంగ, కుక్కవామింట అచ్చంగా ఈ నేలవే, అయినా చేలో దిగితే కలుపే. గడ్డిచేమంతి మధ్య అమెరికా నుంచి వచ్చింది. ఇవాళ అది లేని బడి ఆవరణ, లేని రైలుకట్ట సీమలో కనపడదు. అయినా మెట్ట పైరుకు అది చేసే చెరుపు తక్కువ. వయ్యారిభామ కూడా ఆ వైపు నుంచే వచ్చింది, అదే చామంతి కుటుంబం, కానీ అది చేసే నష్టం పైన చూశాం. ఈ రెంటినీ ఒకే గాట కట్టి పీకుతూ పోతే కూలీ డబ్బు దండగ అవుతుంది, అసలు మొక్క మిగిలిపోతుంది.

రెండో ప్రశ్నకు మెట్లున్నాయి. దిబ్బ మీద టమాట మొలుస్తుంది, కల్లం పక్కన పొద్దుతిరుగుడు లేస్తుంది. మళ్ళీ గింజ పడకపోతే మరుసటేడు అక్కడ అవి ఉండవు. వాటిని 'తప్పించుకు మొలిచినవి' అనుకోవచ్చు, ఇది మొదటి మెట్టు. ఎవరూ విత్తకుండా, నీళ్ళు పెట్టకుండా, తన గింజతో తానే తరాలు తరాలుగా నిలిస్తే అది స్థిరపడిన మొక్క. కనీసం పదేళ్ళు అలా నిలవాలన్నది వృక్షశాస్త్రవేత్తలు పెట్టుకున్న గీత. మధ్యలో వచ్చే రెండు మూడు కరువు సంవత్సరాలకు కూడా తట్టుకుందో లేదో తెలియాలి కదా, అందుకే అంత గడువు. మూడో మెట్టు దూకుడుగా వ్యాపించేది. గింజతో పెరిగేదైతే 50 ఏళ్ళలోపు తల్లిమొక్కకు 100 మీటర్లు దాటి సంతానం నిలవాలి. వేరుతో, పాకే కాడతో పెరిగేదైతే మూడేళ్ళలో 6 మీటర్లు దాటాలి. వయ్యారిభామ ఈ కొలతను ఒక్క వానకాలంలోనే దాటేస్తుంది. ఎరువుబండిలో పోతుంది, ట్రాక్టరు చక్రాలకు అంటిన బురదలో పోతుంది, వంక నీళ్ళలో పోతుంది.

ఇక కలుపు అన్నది వృక్షశాస్త్రం ఇచ్చే పేరు కాదు, నేల వాడుకునేవాడి తీర్పు. ఒకే మొక్క ఒకరి చేలో కలుపు, ఇంకొకరి పెరట్లో మందు అవుతుంది.

పరాయిదని ఎలా తేలుస్తారు

కాలానికి 1492ను గీతగా పెట్టుకోవడం పరిపాటి. కొలంబస్ ప్రయాణం తర్వాతే అమెరికా మొక్కలు ఓడలెక్కి ఇటు రావడం మొదలైంది. సీమ గట్ల మీద కనిపించే పరాయి పూలలో ఎక్కువ భాగం ఉష్ణమండల అమెరికావే కాబట్టి ఆ గీత మనకూ పనికొస్తుంది.

ఒక మొక్క పుట్టిల్లు తేల్చడానికి గట్టి ఆధారం దాని చుట్టాలు. గడ్డిచేమంతి ప్రజాతిలోని (దగ్గరి జాతుల గుంపును ప్రజాతి అంటారు) జాతులన్నీ అమెరికాలోనే పుట్టాయి. ఒక్క గడ్డిచేమంతే భూమంతా తిరిగింది. బిళ్ళగన్నేరు ప్రజాతిలో ఎనిమిది జాతులుంటే ఏడు మడగాస్కర్ దీవివి. రెండో ఆధారం పాత నమూనాలు, తోటల రికార్డులు. లాంటానాను 1809లో కలకత్తా వృక్షోద్యానంలో అలంకారానికి పెంచారు. వయ్యారిభామ 1950ల్లో పూణె దగ్గర చెత్తదిబ్బల మీద కనపడిందని రాతలో ఉంది. అమెరికా నుంచి పి.ఎల్. 480 అనే ఆహార సాయం పథకం కింద వచ్చిన గోధుమలతో కలిసి వ్యాపించిందని ఎక్కువమంది చెప్పేమాట. మూడో ఆధారం మొక్క నిలిచే చోటు. పరాయి మొక్క ముందుగా కదిలించిన నేలను పడుతుంది: రోడ్డు అంచు, రైలుకట్ట, కాలువగట్టు, బీడు, పశువులు తొక్కిన పోరంబోకు. గుంతకల్లు రైల్వే యార్డు చుట్టుపక్కల, కర్నూలు-కడప (కె.సి.) కాలువ గట్ల వెంబడి, పెన్న, కుందూ ఇసుకలో వెతికితే ఇవి గుంపుగా దొరుకుతాయి. నల్లమల లోపలి అడవిలో, మనిషి అలికిడి లేని చోట తక్కువ. ఈ మూడు ఆధారాలూ ఒకే దారి చూపితే నమ్మవచ్చు. మరులమాతంగిలాంటి కొన్నిటి పుట్టుక మీద శాస్త్రవేత్తల్లోనే వాదం ఉంది. వాటిని పుట్టుక తేలనివిగా విడిగా ఉంచడమే సరైన పద్ధతి.

చేతిలో పెట్టుకోవాల్సినవి, చూడాల్సిన వరుస

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కావాలి. నగల పనివాళ్ళు వాడేది సరిపోతుంది. చిన్న స్కేలు, గుండుసూది, బ్లేడు, తెల్లకాగితం, పాత వార్తాపత్రికలు, వేరు తవ్వడానికి గునపం గానీ తొలిక గానీ ఉంటే చాలు. చేతికి తొడుగులు తప్పనిసరి. వయ్యారిభామలోని పార్థీనిన్ అనే పదార్థం చాలామందికి చర్మం మీద దద్దుర్లు, దురద తెస్తుంది. ఒకసారి పడకపోతే ఆ తర్వాత కొంచెం తగిలినా పడదు.

పువ్వు రంగుతో మొదలుపెడితే తప్పుదారి పడతాం. పసుపు పువ్వు అంటే సీమలో లెక్కలేనన్ని మొక్కలు. ముందు కాండం కణుపు దగ్గర చూడాలి: ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? కాండం గుండ్రమా, నలుపలకలా? తుంచితే పాలు వస్తాయా, వస్తే తెలుపా పసుపా? ఆకు తొడిమ మీద, చిరాకుల (ఒకే తొడిమకు వరుసగా ఉండే చిన్న ఆకుల) మధ్య బొడిపెల్లాంటి చిన్న గ్రంథులున్నాయా? వీటికి జవాబు రాసుకున్నాక పువ్వు, ఆ తర్వాత కాయ. కాయ లేకుండా చెప్పిన పేరు సగం పేరే.

ఆకు సైజును ఎక్కువగా నమ్మకూడదు. ఎర్రనేలలో వాన లేక జానెడు ఎత్తులో పూసిన మొక్క, అదే జాతి నల్లరేగడిలో కాలువ పక్కన నడుము దాకా పెరుగుతుంది. ఆకు రెండింతలవుతుంది. కణుపు అమరిక, పువ్వు నిర్మాణం, గింజ ఆకారం మారవు.

ఫోటో తీసి ఫోన్ యాప్‌లో పెట్టడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. యాప్ చెప్పే పేరు తప్పవడానికి ముఖ్య కారణం ఫోటోనే. పైనుంచి ఒక్క పువ్వు తీసి పెడతారు. మొక్క మొత్తం ఒకటి, ఆకు పైభాగం, కింది భాగం, కణుపు దగ్గరగా, పువ్వు పక్కనుంచి, కాయ, పక్కన స్కేలు పెట్టి తీసినవి కావాలి. అప్పుడైనా యాప్ ఇచ్చేది అనుమానితుల జాబితా అనుకోవాలి, తీర్పు అనుకోకూడదు.

వయ్యారిభామ: పూతకు ముందు, పూత తర్వాత

ఈ ఒక్క మొక్క దగ్గర ఎక్కువసేపు ఆగడం అవసరం. పూసిన వయ్యారిభామను ఎవరైనా చెబుతారు. పనికొచ్చేది పూయకముందు గుర్తుపట్టడం.

తొలకరి పడిన వారం పది రోజులకు మొలకలు వస్తాయి. మొలక తొలి జత ఆకులు చిన్నవి, నున్నగా, వెంట్రుకలు లేకుండా ఉంటాయి. తర్వాతి ఆకు కొంచెం పొడుగ్గా, దాదాపు చీలికల్లేకుండా వస్తుంది. ఆపై వచ్చేవి చీలుతూ పోతాయి. మూడు నాలుగు వారాలకు ఆకులు నేలకు అంటుకుని చక్రంలా పరుచుకుంటాయి. ఒక్కో ఆకు జానెడు దాకా ఉండి, చీలికలో చీలికగా క్యారెట్ ఆకును తలపిస్తుంది. పొరపాటు ఇక్కడే జరుగుతుంది. క్యారెట్ ఆకు చీలికలు ఇంకా సన్నం, నలిపితే క్యారెట్ వాసన వస్తుంది, తొడిమ అడుగు కాండాన్ని ఒరలా పట్టి ఉంటుంది. మాచిపత్రి ఆకు అడుగున తెల్లటి నూగు దట్టంగా ఉంటుంది, సువాసన ఘాటుగా ఉంటుంది. వయ్యారిభామ ఆకు అడుగు లేతాకుపచ్చే. రెండువైపులా మెత్తటి పొట్టి నూగు ఉంటుంది, సువాసన ఉండదు. ఈ చక్రం దశలోనే తల్లివేరుతో సహా పీకాలి.

ఆ తర్వాత మధ్యలోంచి కాండం లేస్తుంది. దాని మీద నిలువునా గాడులు తెలుస్తాయి. పైన చాలా కొమ్మలు వేసి, కొసల్లో ముత్యాల్లాంటి తెల్లటి పూగుత్తులు పెడుతుంది. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాలకే పూత రావచ్చు, అంటే జూన్ చివరి వానకు మొలిచింది ఆగస్టు మొదట్లో పుప్పొడి రాలుస్తుంది. వేరుశనగ లేతగా ఉండే రోజులు కూడా అవే.

ఒక పూగుత్తిని తుంచి తెల్లకాగితం మీద పెట్టి భూతద్దంలో చూడండి. అది 4 మి.మీ. వెడల్పు ఉంటుంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి పూల గుంపు. అంచున సరిగ్గా ఐదు చోట్ల పొట్టి తెల్లరేకు పొడుచుకొచ్చి ఉంటుంది. అవి ఐదు ఆడపూలు. మధ్యలో సుమారు 40 బుల్లి గొట్టపుపూలు కిక్కిరిసి ఉంటాయి, అవి పుప్పొడి ఇచ్చేవే గానీ గింజ కట్టవు. గుండుసూదితో అంచుపూవును కదిపితే నల్లటి గింజ దానికి రెండువైపులా రెండు పొట్టి రెక్కల్లాంటి భాగాలతో ఊడివస్తుంది. అవి పక్కనున్న ఎండిన మగపూలు. గింజను నీటి మీద తేల్చడానికి, బురదకు అంటించడానికి సాయపడేవి అవే. ఒక గుత్తికి ఐదే గింజలు. కానీ మొక్కకు వేల గుత్తులు కాబట్టి 15,000 గింజలు మామూలు, బాగా ఎదిగిన మొక్క 25,000 దాకా ఇస్తుంది. అంచున ఐదు, గింజకు రెండు రెక్కలు: ఈ రెండూ చూశాక ఇంకో అనుమానం అక్కర్లేదు.

తీసే పనిలో జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. కొడవలితో కోస్తే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేచి, మరింత పొట్టిగా, నేలకు దగ్గరగా పూస్తుంది. రెండోసారి కోయడానికి కొడవలి అందదు. ఎండిన నేలలో పీకితే మెడ దగ్గర తెగి వేరు మిగులుతుంది. అందుకే వాన పడిన మరునాడు గానీ తడి ఆరకముందు గానీ పీకాలి. పూతకు రాని మొక్కల్ని కంపోస్టు గుంతలో వేయొచ్చు, మంచి ఎరువు అవుతుంది. పూసినవాటిని వేస్తే మన చేతులతోనే చేలో విత్తినట్టు. పూసిన కొమ్మల్ని సంచిలోకి కోసి, ఎండబెట్టి కాల్చాలి, తర్వాత వేరు పీకాలి. పూతలో ఉన్నప్పుడు చేను పక్కన కుదిపి కుదిపి పీకడం పుప్పొడిని పైరు మీద చల్లడమే. గట్ల మీద లీటరు నీటికి 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొక్క మాడుతుంది. అయితే చేను లోపల ఆ పని చేయొద్దు. ఉప్పు నేలలో మిగులుతుంది, తక్కువ వానల నేలలో అది కడుక్కుపోదు. చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగైదు సాళ్ళు దట్టంగా వేస్తే గాలిలో వచ్చే తామరపురుగుల్ని, పుప్పొడిని కొంత ఆపుతుంది.

వయ్యారిభామను తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. 6 మి.మీ. పొడవు, మీగడరంగు వీపు మీద ముదురు గీతలు. ఇది వయ్యారిభామ ఆకును జల్లెడ చేస్తుంది. వానలు బాగుంటేనే పెరుగుతుంది, వాన ఆగితే మట్టిలోకి దిగి నిద్రపోతుంది. మెట్టసీమలో దానిమీదే ఆశ పెట్టుకోవడానికి లేదు. కనపడితే మాత్రం చంపకూడదు.

ఒకే పోలిక, రెండు పుట్టిళ్ళు

పరాయిదాన్ని, నాటుదాన్ని విడదీయడం ఎంత సున్నితమో బిళ్ళగన్నేరు చెబుతుంది. గుడి ప్రాకారాల పక్కన, సమాధుల దగ్గర, ఇసుక నేలల్లో తనంతట మొలిచే గులాబీ, తెలుపు పూల బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. మొదలు కట్టెబారి ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఆకు వెడల్పు, మెరుపు, కొస గుండ్రం. పువ్వు 3 నుంచి 5 సెం.మీ. దాకా విప్పుకుంటుంది. రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ దీనిలోంచే తీస్తారు.

నల్లరేగడి చేలలో, గెనాల మీద కనిపించే చిన్న తెల్లపూల మొక్క దీనికి చెల్లెలు, శాస్త్రీయ నామం కాథరాంథస్ పుసిల్లస్. మడగాస్కర్ బయట పుట్టిన జాతి ఆ ప్రజాతిలో ఇదొక్కటే, ఇది భారతదేశం, శ్రీలంకలది. ఒకే ఏడు బతుకుతుంది. జానెడు నుంచి మూరెడు ఎత్తు. కాండాన్ని వేళ్ళ మధ్య తిప్పితే నాలుగు పలకలు తెలుస్తాయి. ఆకు సన్నగా, కొస సూదిగా ఉంటుంది. పువ్వు వేలిగోరంత, ఎప్పుడూ తెలుపే. రెంటికీ కాయలు జంటగా, సన్నటి గొట్టాల్లా వస్తాయి, అందుకే కాయ చూసి ఒకటే అనుకుంటారు. పరాయి మొక్కల పట్టికలో ఈ చిన్నదాన్ని చేరిస్తే మన నేల మొక్కను మనమే వెలివేసినట్టు.

పొన్నగంటికూర దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. తినే పొన్నగంటి తడినేలలో, కాలువ అంచున పెరుగుతుంది, కణుపుల్లో వెండితెలుపు పూగుత్తులు నున్నగా ఉంటాయి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ముళ్ళరకం ఎండిన బాటల మీద, బస్టాండు ఆవరణల్లో నేలకు పరుచుకుంటుంది. ఒకే కణుపులో రెండు ఆకులు పెద్దా చిన్నా. పూగుత్తి గోధుమరంగు తిరిగి, కొసలు సూదుల్లా అరికాలికి గుచ్చుకుంటాయి. వేలితో తాకితే చాలు తేడా తెలుస్తుంది.

పసుపు పూల తంగేడు గుంపులో పువ్వును వదిలి కాయను, గ్రంథిని చూడాలి. కసివింద అమెరికాది. చిరాకులు నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి, తొడిమ అడుగున ఒకే ఒక గ్రంథి, కాయ బల్లపరుపు. తగిరిసకు మూడు జతల చిరాకులే, కాయ సన్నగా వంగి జానెడు దాకా సాగుతుంది. ఇంకోటి ఉంది, సెన్నా యూనిఫ్లోరా. అదీ అమెరికాదే. మొక్కంతా తుప్పురంగు నూగు, మూడు నుంచి ఐదు జతల చిరాకులు, కాయ వేలెడంత పొట్టిది, గింజ గింజకూ నొక్కులుంటాయి. వయ్యారిభామను అణచడానికి దీన్ని రోడ్ల పక్కన కావాలని చల్లారు. అణచింది కూడా. కానీ ఒక పరాయిదాన్ని తీయడానికి ఇంకో పరాయిదాన్ని నాటేముందు అది ఎంత దూరం పోతుందో లెక్కేసుకోవాలి. పశువులు దాన్ని ముట్టవు, ఇప్పుడు అదే బీళ్ళను పట్టింది.

బలురక్కసి చలికాలపు మొక్క. రబీ కోతల వేళకు బీళ్ళలో, నదుల ఇసుకలో పచ్చటి పసుపు పూలతో కనపడుతుంది. ఆకు ఈనెల వెంట తెల్లని చారలు, అంచున ముళ్ళు, తుంచితే పసుపు పాలు. ఈ మూడూ ఉంటే వేరే మొక్క కాదు. దీన్ని బ్రహ్మదండి అని కూడా అంటారు. గుండ్రటి ముళ్ళబంతిలాంటి నీలితెలుపు పూల మొక్కనూ కొన్ని చోట్ల అదే పేరుతో పిలుస్తారు, కాబట్టి పేరు విని మందుకు తెచ్చుకోవడం ప్రమాదం. బలురక్కసి గింజ ఆవగింజంత, నల్లగా ఉంటుంది. భూతద్దంలో ఆవగింజ దాదాపు నున్నగా కనపడితే, దీని మీద వలలాంటి గుంటలు స్పష్టంగా తెలుస్తాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ నూనె కలిసి ఒళ్ళు వాచే జబ్బు వ్యాపించి జనం చనిపోయారు.

తేలుకొండికాయ మెక్సికోది, కాయకున్న రెండు వంపు కొక్కేలు చూస్తే చాలు.

పొదల విషయం కొంత వేరు. లాంటానాను మనవైపు పులికంప అంటారు. నలుపలకల కాండం మీద వెనక్కి వంగిన ముళ్ళు, గరుకు ఆకు, ఒకే గుత్తిలో రెండు మూడు రంగుల పూలు. పూలు వయసుతో రంగు మారతాయి గానీ అవి వేరువేరు జాతులు కావు. దీన్ని నేలమట్టానికి కొడితే రెట్టింపవుతుంది. 3 నుంచి 5 సెం.మీ. లోతున తల్లివేరును కోసి, పొదను తలకిందులుగా వేస్తే మళ్ళీ చిగురించదు. చిగురు వేసే కణుపులన్నీ ఆ కోతకు పైనే ఉంటాయి.

సర్కారు తుమ్మ మన సీమకు ప్రత్యేకంగా చెందిన చరిత్ర. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ ఆ విత్తనాల కోసం ప్రభుత్వానికి రాశారు. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనంతో కడప జిల్లా కమలాపురంలో నాటారు. కట్టెల కోసం, ఎండునేలలు పచ్చబడటం కోసం తెచ్చినది. తియ్యటి కాయ పశువులు తింటాయి, గింజ అరగదు, పేడతో పాటు ప్రతి బీడుకూ చేరుతుంది. జమ్మితో పొరపడి జమ్మిని నరికేసే ప్రమాదం ఉంది కాబట్టి ముల్లు చూడాలి. సర్కారు తుమ్మకు ముళ్ళు కణుపు దగ్గర జంటగా, నిటారుగా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కాండం మీద అక్కడక్కడ, అడుగు వెడల్పైన పొట్టి ముళ్ళు. చిరకాలం ఈ రెండూ ఒకే ప్రజాతి కింద ఉన్నాయి. 2022లో శాస్త్రవేత్తలు విడదీసి సర్కారు తుమ్మను నెల్టూమా కిందికి మార్చారు, జమ్మి మాత్రం ప్రోసోపిస్‌గానే మిగిలింది.

జాతి తప్పితే పురుగు కూడా తప్పుతుంది

వర్గీకరణ కాగితం మీది పని కాదనడానికి నాగజెముడు కంటే గట్టి సాక్ష్యం లేదు. ఎర్రరంగు తీసే కొచినీల్ పురుగుకోసం 1795లో బ్రెజిల్ నుంచి ఒక పురుగును తెచ్చారు. అది అసలు రంగుపురుగు కాదు, దాని దగ్గరి చుట్టం. రంగు దక్కలేదు గానీ, పలుచటి నిగనిగలాడే మట్టలున్న ఒక నాగజెముడు జాతిని అది తిని తుడిచిపెట్టింది. మన దేశంలోనే పెరుగుతున్న ఇంకో జాతి, బూడిదపచ్చ మందమట్టలు, బలమైన పసుపు ముళ్ళు ఉన్నది, ఆ పురుగును లెక్కచేయలేదు. చూసేవాళ్ళకు రెండూ నాగజెముడే. ఆ రెండోదాన్ని తినే వేరే పురుగును 1926లో శ్రీలంక నుంచి దక్షిణ భారతానికి తెచ్చాకే అది తగ్గింది. పురుగుకు జాతి తేడా తెలుసు. దాన్ని వదిలేవాళ్ళకు తెలియకపోతే నూరేళ్ళు పోతాయి.

నమూనా తీసి పంపేటప్పుడు

అనుమానం తీరనప్పుడు నమూనాను విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికి చూపించడం మేలు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఊరికే కొమ్మ విరిచి తీసుకెళ్తే వాడిపోయి ఎవరికీ పనికిరాదు. వేరు, పూత, కాయ మూడూ ఉన్న మొక్కను ఉదయం మంచు ఆరాక తవ్వాలి. మట్టి దులిపి వార్తాపత్రిక మడతలో పరచాలి. ఒకటి రెండు ఆకుల్ని తిరగేసి అడుగుభాగం పైకి వచ్చేలా ఉంచాలి, నూగు, ఈనెలు అప్పుడే కనపడతాయి. మొక్క పొడుగైతే ఇంగ్లీషు V ఆకారంలో మడవాలి, తుంచకూడదు. పైన కింద అట్టలు పెట్టి బరువు పెట్టాలి. మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చాలి. మార్చకపోతే బూజు పట్టి నల్లబడుతుంది, ఎక్కువ నమూనాలు పాడయ్యేది ఈ ఒక్క బద్ధకం వల్లే. ఆరిన మొక్కను సుమారు 42 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పు ఉన్న గట్టి కాగితానికి దారంతో కుట్టాలి.

ఎండాక పోయేవన్నీ చీటీలో అక్కడికక్కడే రాయాలి: పువ్వు రంగు, పాల రంగు, వాసన, మొక్క ఎత్తు, నేల ఎర్రదా నల్లదా, చేనా గట్టా రోడ్డా, తేదీ, ఊరు, మండలం, చుట్టుపక్కల ఎన్ని మొక్కలున్నాయి, ఆ ఊరివాళ్ళు ఏమని పిలుస్తారు. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నారో పెద్దవాళ్ళను అడిగి రాస్తే, అది స్థిరపడిందా లేదా తేల్చడానికి అంతకంటే విలువైన ఆధారం ఉండదు.

చామంతి కుటుంబపు మొక్కలు పత్రిక మడతలో కూడా గింజ పండించుకుంటాయి, గడ్డిచేమంతి గింజలైతే కుచ్చు విప్పుకుని ఎగురుతాయి. వాటి మడతను అంచులన్నీ మూసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మరీ బస్సెక్కించాలి. మార్చిన పాత కాగితాలు పారేయకుండా కాల్చాలి.